కారు ఇంజిన్ హీటెక్కుతోందా? పార్టులు మార్చేముందు ఇంట్లోనే కారణం పట్టుకోవడం ఎలా

"అన్నా, బండి హీటెక్కుతోంది. మెకానిక్ రేడియేటర్ మార్చాలంటున్నాడు. మార్చేయమంటావా?"

ఎండలు మొదలైనప్పటి నుంచి రోహిణి కార్తె దాటేదాకా నన్ను అడిగేవాళ్ళంతా అడిగేది ఇదే. నేను తిరిగి అడిగేదీ ఒకటే: "ఎప్పుడు హీటెక్కుతోంది? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా, హైవే మీద వంద దాటినప్పుడా, ఘాట్ ఎక్కేటప్పుడా?" చాలామంది దీనికి తడుముకుంటారు. ఆ జవాబు తెలియకుండా పార్టులు మారిస్తే డబ్బు పోతుంది, హీటు మాత్రం అలాగే ఉంటుంది.

నా పాత హ్యాచ్‌బ్యాక్‌కి అదే జరిగింది. ఓ వర్క్‌షాపులో కొత్త రేడియేటర్ (ఇంజిన్ నీళ్ళని గాలితో చల్లార్చే భాగం) వేశారు. వారం తిరక్కుండానే డాష్‌బోర్డు మీద మళ్ళీ టెంపరేచర్ ఎర్ర లైటు. ఆ ఆదివారం నేనే కూర్చుని ఒక్కొక్కటీ చూసుకుంటూ వస్తే, చివరికి దొంగ దొరికింది. పాత రేడియేటర్ నుంచి తీసి కొత్తదానికి బిగించిన మూత! దాని కింద ఉండే రబ్బరు వాషర్‌ని వేలితో కొంచెం వంచితే, అంచు దగ్గర వెంట్రుకంత పగులు కనిపించింది. వంచకపోతే అసలు కనబడదు. కొన్ని వందల రూపాయల మూత కోసం వేలు పోశాను. అందుకే కింద చెప్పే వరుసను దాటవేయకండి. తేలికైనవి, ఖర్చు లేనివి ముందు చూసి, ఖరీదైనవాటి దగ్గరికి చివర్లో వెళ్దాం.

ఇదంతా ముందు రేడియేటర్, దాని వెనక కరెంటు ఫ్యాన్ ఉండే మామూలు పెట్రోలు కార్ల గురించి. డీజిల్ కార్లకూ చాలావరకు ఇదే పద్ధతి.

దారిలో ఎర్ర లైటు వెలిగితే ముందు ఇది చేయండి

ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి పాకుతుంటే ఏసీ ఆపి, హీటర్‌ని పూర్తి వేడి మీద, బ్లోయర్‌ని పూర్తి స్పీడులో పెట్టి అద్దాలు దించండి. మే నెలలో నరకంలా ఉంటుంది, నిజమే. కానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. పక్కకు తీసి ఆపేందుకు ఆ కాస్త సమయం దొరుకుతుంది.

ఎర్ర లైటు వెలిగినా, బోనెట్ నుంచి ఆవిరి వచ్చినా వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. "పెట్రోల్ బంకు ఇంకో రెండు కిలోమీటర్లేగా" అనుకోవద్దు. ఇప్పటి ఇంజిన్ల హెడ్ (ఇంజిన్ పై భాగం) అల్యూమినియం. వేడి హద్దు దాటితే వంగిపోతుంది. ఆ రెండు కిలోమీటర్లలోనే ఐదు వందల రిపేరు కాస్తా హెడ్ దించే పని అవుతుంది.

వేడి మీద రేడియేటర్ మూత తీయకండి. లోపలి నీళ్ళు ప్రెషర్‌లో ఉంటాయి కాబట్టి 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆగి ఉంటాయి. మూత తిప్పగానే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. గుడ్డ కప్పి తీస్తే ఏమీ కాదనేది అబద్ధం. కనీసం ముప్పావు గంట ఆగండి. పై హోస్‌ పైపును చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా ఉన్నాకే మూత జోలికి వెళ్ళండి. వేడి ఇంజిన్ మీద బాటిల్ నీళ్ళు గుమ్మరించడం కూడా వద్దు, ఒక్కసారిగా చల్లబడితే లోహం పగుళ్ళిస్తుంది.

బాగా చల్లారాక, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లార్చే రంగు ద్రవం) దొరకకపోతే మామూలు తాగే నీళ్ళు పోసుకుని మెల్లగా ఇంటికి చేరొచ్చు. అత్యవసరానికి తప్పు లేదు. అలాగే నెలలపాటు తిప్పడమే తప్పు.

కావాల్సినవి

- మీ కారు మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంట్. చిన్న కార్లకు సుమారు నాలుగైదు లీటర్లు పడుతుంది, సరైన లెక్క మాన్యువల్‌లోనే ఉంటుంది
- డిస్టిల్డ్ వాటర్ కనీసం ఐదారు లీటర్లు (బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది)
- టార్చి, గ్లౌజులు, పాత గుడ్డలు, వెడల్పాటి బేసిన్, గరాటా
- స్క్రూ డ్రైవర్, ప్లయర్, చిన్న స్పానర్ సెట్
- టెస్ట్ బల్బు లేదా మల్టీమీటర్
- 100 డిగ్రీలు దాకా చూపించే వంటింటి థర్మామీటర్
- ఉంటే మంచిది: ఫోన్‌కి కలిసే ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ లెక్కలు చూపించే చిన్న పరికరం). చాలా చిన్న కార్లలో ఇప్పుడు టెంపరేచర్ ముల్లే లేదు, చల్లగా ఉంటే నీలం లైటు, మించితే ఎర్ర లైటు, అంతే. ఈ స్కానర్ పెడితే అసలు డిగ్రీలు కనబడతాయి

1. ఎప్పుడు హీటెక్కుతోందో రాసుకోండి

రెండు రోజులు గమనించి కాగితం మీద రాయండి.

ఆగినప్పుడు, నెమ్మదిగా పోతున్నప్పుడు హీటెక్కి, కాస్త స్పీడు అందుకోగానే తగ్గిపోతే అనుమానం ఫ్యాన్ మీద. స్పీడులో గాలి దానంతటదే తగులుతుంది, ఫ్యాన్ అవసరం ఉండదు.

ఊళ్ళో బాగానే ఉండి, హైవే మీదో తిరుమల ఘాట్‌లోనో హీటెక్కితే రేడియేటర్ మూసుకుపోయి ఉండొచ్చు. లేదా కూలెంట్ తక్కువై ఉండొచ్చు, కాదంటే నీళ్ళని తిప్పే పంపు బలహీనపడి ఉండొచ్చు.

స్టార్ట్ చేసిన పది నిమిషాలకే, ఎక్కడున్నా సరే, హీటెక్కితే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీళ్ళని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) మూసుకుని ఉండిపోయింది, లేదా లోపల నీళ్ళే లేవు.

ఈ ఒక్క పనితో సగం అనుమానాలు తీరిపోతాయి.

2. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద లెవెల్ చూడండి

అందరూ చేసే పొరపాటు ఇక్కడే. పక్కనుండే ప్లాస్టిక్ రిజర్వ్ డబ్బా చూసి "నిండుగానే ఉంది" అంటారు. డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉండడం చాలా మామూలు. రేడియేటర్ మీద మూత ఉన్న కారైతే ఆ మూత తీసి టార్చి వేసి చూడండి. నీళ్ళు మెడ దాకా కనబడాలి. కొన్ని కార్లకు రేడియేటర్ మీద మూతే ఉండదు, ప్రెషరంతా ఆ ప్లాస్టిక్ ట్యాంకులోనే. వాటికి ట్యాంకు మీది గీతలే లెక్క.

రంగు కూడా చూడండి. తుప్పు రంగులో, టీ డికాక్షన్‌లా ఉంటే ఎవరో మామూలు నీళ్ళు పోసి తిప్పారని అర్థం. పైన నూనె తెట్టు తేలుతుంటే నేరుగా తొమ్మిదో అంచెకి వెళ్ళండి.

3. నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో వెతకండి

కూలెంట్ దానంతటది తరిగిపోదు. తగ్గుతోందంటే ఎక్కడో కారుతోంది, లేదా ఇంజిన్ తాగేస్తోంది.

రాత్రి ఇంజిన్ కింద పెద్ద అట్టముక్క పరిచి పొద్దున్న చూడండి. ఏసీ నీళ్ళని చూసి కంగారు పడకండి. అవి శుభ్రంగా ఉంటాయి, వాసన ఉండదు, ఎక్కువగా ముందు సీటు కాళ్ళ కింది భాగంలో కారతాయి. కూలెంట్ వేళ్ళ మధ్య జారుతుంది, రంగుంటుంది, తియ్యటి వాసనేస్తుంది. రుచి చూడకండి, అది విషం. కింద పడ్డదాన్ని వెంటనే కడిగేయండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, చచ్చిపోతాయి.

అట్ట పొడిగా ఉన్నా లీకు లేదని కాదు. వేడి మీద కారింది అక్కడికక్కడే ఆరిపోతుంది, ఆరిన చోట తెల్లగానో ఆకుపచ్చగానో పొడి పెచ్చు కడుతుంది. హోస్ పైపుల క్లిప్పుల దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియానికి అతికే అంచున, వాటర్ పంపు కింద టార్చి వేసి ఆ పెచ్చు కోసమే చూడండి. హోస్‌ని నొక్కి చూడండి. పాతబడ్డ హోస్ అయితే గట్టిపడి పగుళ్ళిస్తుంది, లేదంటే మురిగిన అరటిపండులా మెత్తబడుతుంది. రెండూ మార్చాల్సినవే.

లోపల కాళ్ళ దగ్గర కార్పెట్ తడిగా ఉండి, అద్దానికి జిడ్డు మంచు పడుతుంటే హీటర్ కోర్ (హీటర్ లోపలి చిన్న రేడియేటర్) లీకు.

లీకు కోసం లోపల పసుపు వేసే అలవాటు మన లారీల నుంచి వచ్చింది. షాపుల్లో దొరికే లీకు పౌడర్లూ అంతే. దిక్కులేని చోట ఊరు చేరడానికి సరే. కానీ ఇప్పటి రేడియేటర్ గొట్టాలు చాలా సన్నం. అవి లీకుతోపాటు దారినీ మూసేస్తాయి.

4. మూతని అనుమానించండి

మూత మీద 0.9 లేదా 1.1 లాంటి అంకె ఉంటుంది. అది బార్లలో ప్రెషర్. ఆ ప్రెషర్ నిలిస్తే మామూలు నీళ్ళు కూడా సుమారు 120 డిగ్రీల దాకా మరగవు. మూత ప్రెషర్ ఆపలేకపోతే నీళ్ళు 100కే మరిగి డబ్బాలోకి పొంగిపోతాయి.

రబ్బరు వాషర్‌ని వంచి చుట్టూ చూడండి. కింద మధ్యలో ఉండే చిన్న రేకు వాల్వ్‌ని గోటితో లాగి వదలండి, టక్కున మూసుకోవాలి. ఇంజిన్ చల్లారాక పై హోస్ లోపలికి పీల్చుకుపోయి నొక్కుకుపోయినట్టు కనబడితే ఆ చిన్న వాల్వ్ ఇరుక్కుంది. వేడెక్కినప్పుడు డబ్బాలోకి వెళ్ళిన నీళ్ళు చల్లారాక తిరిగి రాకపోయినా అదే అనుమానం. అయితే డబ్బాకి వెళ్ళే సన్న పైపు పగిలినా ఇలాగే జరుగుతుంది, దాన్నీ చూడండి.

సందేహముంటే అదే అంకె ఉన్న కొత్త మూత కొనండి. ఎక్కువ ప్రెషర్ మూత వేస్తే మేలని వేయకండి, పాత హోస్‌లు పగులుతాయి.

5. ఫ్యాన్ పరీక్ష

ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో కొన్ని సెకన్లలోనే ఫ్యాన్ తిరగాలి. తర్వాత ఏసీ ఆపి, బండి నిలబెట్టి ఆన్‌లోనే ఉంచండి. చాలా కార్లలో 95 నుంచి 100 డిగ్రీల ప్రాంతంలో ఫ్యాన్ దానంతటదే మొదలై, కాస్త చల్లబడ్డాక ఆగాలి. ఎర్ర లైటు దాకా వెళ్ళనివ్వకండి, స్కానర్‌లో 105 దాటితే ఆపేయండి.

- రెండు సార్లూ తిరగలేదు: ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యాన్‌కి కరెంటు వదిలే స్విచ్) చూడండి. హారన్ రిలే అదే రకమైతే మార్చి పెట్టి చూడండి. అవి బాగుంటే ఫ్యాన్ కనెక్టర్ తీసి, మోటార్ రెండు వైర్లకు బ్యాటరీ నుంచి ఫ్యూజు ఉన్న వైర్లతో నేరుగా కరెంటివ్వండి. తిరగకపోతే మోటార్ పోయింది. రెండు వైర్లకంటే ఎక్కువ ఉన్న మోటార్లకి ఈ పరీక్ష చేయకండి.
- ఏసీకి తిరిగింది, వేడికి తిరగలేదు: టెంపరేచర్ సెన్సర్‌నో దాని వైరింగ్‌నో అనుమానించండి. స్కానర్‌లో డిగ్రీలు వింతగా, అంటే గంట నడిపినా 40 అని చూపిస్తుంటే సెన్సర్ దొంగ. కొన్ని కార్లలో ఏసీకి, ఇంజిన్‌కి వేర్వేరు ఫ్యాన్లుంటాయి, ఏది తిరుగుతోందో చూసుకోండి.
- తిరుగుతోంది కానీ నీరసంగా: మోటార్ అరిగింది. గాలి దిశ కూడా చూడండి, ఫ్యాన్ గాలిని రేడియేటర్ గుండా ఇంజిన్ వైపుకి లాగాలి. రిపేరులో వైర్లు తారుమారై వెనక్కి తిరుగుతున్న ఫ్యాన్‌ని నేను చూశాను.

జాగ్రత్త: ఇంజిన్ ఆపినా కొన్ని కార్లలో ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది. దగ్గర చెయ్యి పెట్టేముందు కనెక్టర్ ఊడదీయండి.

సెన్సర్ తప్పు వెతకలేక కొందరు మెకానిక్‌లు "ఫ్యాన్ డైరెక్ట్ చేసేద్దాం సార్" అంటారు. ఒప్పుకోకండి. ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతుంటే మోటార్ తొందరగా అరుగుతుంది, అసలు తప్పు అలాగే దాగి ఉంటుంది.

6. రేడియేటర్

ముందు ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే భాగం), వెనక రేడియేటర్ ఉంటాయి. రెంటి మధ్యలో ఎండుటాకులు, పురుగులు, దూది, దుమ్ము కలిసి పరుపులా పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగా కనబడుతుంది. మధ్యలోకి టార్చి వెయ్యాలి. చల్లటి ఇంజిన్ మీద, వీలైతే ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు నీళ్ళతో కడగండి. ప్రెషర్ వాషింగ్ గన్ దగ్గరగా పెడితే రేడియేటర్ సన్న రేకు రెక్కలు వంగిపోతాయి, గాలి ఇక దూరదు.

లోపల మూసుకుపోయిందా అన్నది ఇలా తెలుస్తుంది: ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, ఫ్యాన్ కనెక్టర్ తీసి, రేడియేటర్ మీద అక్కడక్కడా చేతి వెనక భాగాన్ని దగ్గరగా పెట్టి చూడండి. వేడి ఒక వరుసలో తగ్గుతూ రావాలి. మధ్యలో ఎక్కడో చల్లటి మచ్చ తగిలితే అక్కడ గొట్టాలు మూసుకున్నాయి. మన బోరు నీళ్ళు పోసిన బళ్ళలో ఇది తప్పదు. గీజర్ రాడ్‌కి పట్టే తెల్ల పెచ్చు మీరు చూసే ఉంటారు, అదే లోపలా పడుతుంది. కొంచెమైతే ఫ్లష్‌తో (నీళ్ళు నింపి దింపి కడగడంతో) పోతుంది. ఎక్కువైతే అప్పుడు మాత్రం రేడియేటర్ మార్చడం న్యాయం.

7. థర్మోస్టాట్

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్‌కి వెళ్ళే పై హోస్‌ని పట్టుకోండి. కొన్ని నిమిషాలు చల్లగానో గోరువెచ్చగానో ఉండి, ఇంజిన్ వేడెక్కాక వేడవ్వాలి. ఆ తర్వాత కింది హోస్ కూడా వెచ్చబడాలి. ఇంజిన్ మండిపోతున్నా రేడియేటర్ చల్లగానే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదు.

నమ్మకం కుదరాలంటే విప్పి వంటింట్లోకి తీసుకెళ్ళండి. పనికిరాని గిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో అడుగు తగలకుండా వేలాడదీయండి. పక్కనే థర్మామీటర్. దాని మీద 82 అనో 88 అనో చెక్కి ఉంటుంది. ఆ డిగ్రీల దగ్గర మధ్య రేకు కదలడం మొదలై, నీళ్ళు మరిగే సరికి స్పష్టంగా తెరుచుకోవాలి. తీసి పక్కన పెడితే పూర్తిగా మూసుకోవాలి. ఏది చేయకపోయినా మార్చండి, దాని గ్యాస్కెట్ (సీలు) కూడా కొత్తది వేయండి.

"మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు సార్, తీసేద్దాం" అనే మాట మీరు తప్పకుండా వింటారు. తీసేస్తే ఇంజిన్ సరైన వేడికి చేరదు, కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. పైగా కొన్ని ఇంజిన్లలో అది లేకపోతే నీళ్ళు రేడియేటర్‌కి వెళ్ళకుండా అడ్డదారిలో ఇంజిన్‌లోకే తిరిగిపోతాయి. హీటు ఇంకా పెరుగుతుంది.

8. బెల్టు, వాటర్ పంపు

పంపుని తిప్పే బెల్టుకి పగుళ్ళు, వదులు ఉన్నాయేమో చూడండి. ఇంజిన్ ఆపి పంపు పుల్లీని (బెల్టు చుట్టుకునే చక్రాన్ని) అటూ ఇటూ ఊపండి, వదులుగా కదలకూడదు. పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, దానిలోంచి కారిన చార ఉంటే పంపు సీలు పోయింది. కొన్ని ఇంజిన్లలో పంపు టైమింగ్ బెల్టు వెనక ఉంటుంది, అది మాత్రం ఇంట్లో ముట్టుకోకండి.

9. హెడ్ గ్యాస్కెట్ గుర్తులు

హెడ్‌కీ దాని కింది ఇంజిన్ భాగానికీ మధ్య ఉండే సీలే హెడ్ గ్యాస్కెట్. పైవన్నీ బాగున్నాయి, లీకు ఎక్కడా లేదు, అయినా నీళ్ళు తగ్గుతున్నాయా? చల్లటి ఇంజిన్‌కి మూత తీసి స్టార్ట్ చేసి, రేడియేటర్ మెడలో చూడండి. మొదట్లో ఒకటి రెండు బుడగలు మామూలే. ఆగకుండా, ఇంజిన్ లయకి తగ్గట్టు బుడబుడమంటూ వస్తుంటే సిలిండర్ గ్యాస్ నీళ్ళలోకి దూరుతోంది. వేడెక్కిన తర్వాత కూడా సైలెన్సర్ నుంచి దట్టంగా తెల్లటి తియ్యటి పొగ వచ్చినా, ఆయిల్ మూత కింద మీగడలా కనబడినా అనుమానం బలపడుతుంది.

ఇక బండి నడపకండి, టోయింగ్ చేయించండి. హెడ్ దించినప్పుడు కేవలం గ్యాస్కెట్ మార్చి బిగిస్తానంటే ఒప్పుకోకండి. హెడ్ వంగిందో లేదో కొలిపించి, అవసరమైతే ఫేసింగ్ (అడుగు చదును) చేయించాకే బిగించాలి. లేదంటే కొన్ని నెలల్లో మళ్ళీ అదే కథ.

10. కూలెంట్ మార్చి, గాలి తీయడం

తప్పు సరిచేశాక పాత నీళ్ళు ఉంచుకోకండి. చల్లటి ఇంజిన్ మీద రేడియేటర్ కింది ప్లగ్ తిప్పి బేసిన్‌లోకి దింపండి. ప్లగ్ ప్లాస్టిక్, స్పానర్ బలం చూపిస్తే విరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ వేసి, ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, చల్లారాక దింపండి. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఇలాగే చేయండి.

తర్వాత కూలెంట్. డబ్బా మీద "నేరుగా పోయాలి" అని ఉంటే నీళ్ళు కలపకండి. చిక్కటిదైతే డబ్బా మీద చెప్పిన పాళ్ళలో డిస్టిల్డ్ వాటర్ కలపండి, ఎక్కువగా 50:50. చిక్కగా పోస్తే మంచిదనేది పొరపాటు, నీళ్ళే వేడిని బాగా మోస్తాయి. రంగు చూసి రకాన్ని నిర్ణయించకండి, ఒకే ఆకుపచ్చలో వేర్వేరు రకాలుంటాయి. పడని రెండు రకాలు కలిస్తే జిగురు కడుతుంది.

కొత్త పార్టులన్నీ వేసినా హీటెక్కిందంటూ వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం లోపల ఇరుక్కున్న గాలి. నింపేటప్పుడు తొందరపడకండి. కారు ముక్కు కాస్త ఎత్తున ఉండేలా నిలబెట్టి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, మూత తీసే స్టార్ట్ చేయండి. గరాటా పెట్టి సన్నగా పోస్తూ, హోస్‌లను గ్లౌజులేసుకుని మెల్లగా నొక్కి వదులుతూ ఉండండి. గుడగుడమని బుడగలొస్తాయి, లెవెల్ పడిపోతుంది, మళ్ళీ పోయండి. కింది హోస్ వెచ్చబడి, లోపల హీటర్ గాలి వేడిగా వచ్చేదాకా ఇది సాగాలి. నీళ్ళు పొంగడం మొదలైతే మూత పెట్టేయండి. గాలి తీసే స్క్రూ ఉన్న కార్లకు దాన్ని వదులు చేస్తే పని ఇంకా తేలిక.

డాష్‌బోర్డు కింద నీళ్ళు పారుతున్నట్టు గలగల చప్పుడొస్తే గాలి ఇంకా ఉన్నట్టే.

సరైందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదట ఇంటి ముందే ఏసీ వేసి ఇరవై నిమిషాలు బండి నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. తర్వాత ఊళ్ళో ట్రాఫిక్‌లో అరగంట, ఆ తర్వాత హైవే మీద అరగంట. మొదటి అంచెలో మీరు రాసుకున్న పరిస్థితిలోనే పరీక్షించాలి. ఘాట్‌లో హీటెక్కిన బండిని కాలనీ చుట్టూ తిప్పి "బాగైంది" అనుకుంటే లాభం లేదు. మళ్ళీ ఘాట్ ఎక్కేటప్పుడు పెద్ద గేరులో ఈడ్వకుండా ఒక గేరు తగ్గించండి, ఇంజిన్ చురుగ్గా తిరిగితే పంపు కూడా నీళ్ళని చురుగ్గా తోస్తుంది.

రిజర్వ్ డబ్బా మీద లెవెల్ దగ్గర టేపు ముక్క అతికించండి. వారం పాటు రోజూ పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి. మొదటి రెండు రోజులు మిగిలిన గాలి వెళ్ళిపోయి కొంచెం తగ్గుతుంది, ఆ మేరకు పోయండి. మూడో రోజు నుంచి నిలబడాలి. ఇంకా తగ్గుతుంటే అట్టముక్క మళ్ళీ తీయండి, మూడో అంచె నుంచి మొదలు. వేసిన కూలెంట్ పేరు, తేదీ, కిలోమీటర్లు ఒక స్టిక్కర్ మీద రాసి బోనెట్ లోపలి వైపు అంటించండి. వచ్చేసారి ఎవరైనా డబ్బాలో ఏదైనా పోయబోతే ముందు అది చూపించండి.